పురిటి గదిలో అడగాల్సిన మాట

బుధవారం రాత్రి, లంజిపల్లి

అమ్మ లేదు కాబట్టి తొలి పురుడు ఇక్కడే, అత్తవారింట్లోనే. ఇంట్లో అంతా తెలుగే కాబట్టి, పెళ్లయి ఏడాది దాటినా నాకింకా ఒడియా రాదు. ఇవాళ డాక్టరమ్మ నొప్పులు తగ్గించే ఇంజెక్షన్ గురించి ఒడియాలో చాలాసేపు చెప్పింది. అత్తయ్య నాకు తెలుగులో చెప్పింది ఒక్క ముక్క.

"ఏటోలే, మత్తు సూదంట. ఒద్దని సెప్పీసినాను."

నన్ను అడగనే లేదు!

బయట, కాస్త తెలుగు వచ్చిన నర్సుని పట్టుకున్నాను. నొప్పి పూర్తిగా పోదట, ఓర్చుకోగలిగేంతగా తగ్గుతుందట. కాన్పు దగ్గరపడ్డాక ఇస్తే బిడ్డ మగతగా పుట్టి, ఊపిరి మెల్లగా తీసుకోవచ్చట. అందుకే వేళ చూసి ఇస్తారట. కావాలంటే నేనే అడగాలట.

కాన్పు రోజున ఈ నర్సు ఉంటుందో లేదో. ఇంట్లోవాళ్లని పురిటి గదిలోకి రానివ్వరు. అందుకే సాయంత్రం ఈయన దగ్గర ఒడియాలో నేర్చుకున్నాను: "మోతే ఇంజెక్షన్ దియన్తు." నాకు ఇంజెక్షన్ ఇవ్వండి అని.

"అమ్మతో సెప్పకు," అన్నారు నవ్వుతూ.

గిన్నెలు తోముతూ అదే వల్లించాను. ఇప్పుడు తడుముకోకుండా వస్తోంది.

పడుకోబోతుంటే తట్టింది. సూది అడగడం వచ్చింది సరే. పుట్టిన బిడ్డ ఏడవకపోతే, ఎందుకు ఏడవడం లేదని అడగడం రాదు. ఈయన్ని లేపి నేర్పమనాలి. కానీ అందుకు ముందు ఆ మాట తెలుగులో నా నోటితో అనాలి.