రెండు భాషల్లో నాయన చేతులు

శాన్ ఆంటోనియో, టెక్సాస్
శనివారం

నాయనకు, అమ్మకు మీ పెద్దకూతురు సరోజ నమస్కారాలు చేసి చెప్పుకునే సంగతులు.

ఇక్కడ నేను, ఆయన కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? తమ్ముడు సూళ్లూరుపేట నుంచి వారం వారం ఇంటికి వస్తున్నాడా? మన పుత్తూరు వైపు వానలు పడ్డాయా? నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, వేళకు నిద్రపోతున్నాను. మొన్న బరువు చూసుకుంటే కొంచెం పెరిగాను కూడా. అమ్మకు ఈ మాట రెండుసార్లు చదివి వినిపించు చెల్లీ.

భారతీ, నాయనకు ఉత్తరం చదివేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. మధ్యలో ఏదీ మింగొద్దు. కిందటిసారి అమ్మ మీద నేను రాసిన నాలుగు మాటలు నువ్వు ఎగరగొట్టి చదివావని తమ్ముడు రాశాడు. బళ్ళో పిల్లలకు పాఠం చదివినట్టు గట్టిగా, ఉన్నది ఉన్నట్టు చదువు. నీ పేరు వచ్చినచోట సిగ్గుపడి ఆగిపోవద్దు.

నాయనా, నీ చెయ్యి వణుకుతోందని భారతి రాసింది. నగరి నుంచి మోచెయ్యి కీలు తప్పినాయన వస్తే కట్టు కట్టకుండా "ఈ పొద్దు బాగల్యాప్పా, ఆస్పత్రికి పో" అని పంపేశావట. నలభై ఏళ్లుగా మన వాకిట్లోకి వచ్చినవాళ్ళను నువ్వు అలా పంపింది నేను ఎరగను. ఎముక బయటికి పొడుచుకొస్తే, నెత్తురు కారుతుంటే నువ్వే ఆస్పత్రికి పంపేవాడివి, అది వేరు. ఇది వేరు. తమ్ముడు ఈ ఎముకలు కట్టే పని నేర్చుకోనని ఏనాడో చెప్పేశాడు. వాడి తప్పేం లేదు, వాడికి వాడి ఉద్యోగం ఇష్టం. మరి నీ తర్వాత ఎవరు? ఈ ఉత్తరం దాని గురించే. కానీ అక్కడికి రావాలంటే ఇక్కడ జరిగినదంతా చెప్పాలి.

ఇక్కడి ఎండలు మన చిత్తూరు జిల్లా ఎండలే. ఊళ్ళో సగం మంది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు. ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లీషు. మన నగరి వైపు ఇంట్లో అరవం, బజార్లో తెలుగు మాట్లాడినట్టే. వాళ్ళ అంగళ్ళలో చింతపండు దొరుకుతుంది, ఎండుమిరపకాయలు దొరుకుతాయి. నాగజెముడు మట్టలకు ముళ్ళు గీకేసి కూర వండుకుంటారంటే అమ్మ నమ్ముతుందా? నేను తిన్నాను. బెండకాయలాగా జిగురుగా ఉంది. రాగిపిండి మాత్రం లేదు. మొక్కజొన్న పిండితో సంగటి కలిపి చూశాను, ఆయన తినేసి చెంబెడు నీళ్ళు తాగారు.

ఆదివారాలు ఆయనకు డ్యూటీ పడితే ఇంట్లో నాకు నేనే తెలుగులో మాట్లాడుకుంటాను. ఏడుపేం లేదు. ఊరికే, నోరు మరిచిపోకుండా.

ఆసుపత్రిలో నన్ను ఎముకల వార్డులో వేశారు. వేలూరులో నర్సు చదువు చదివేటప్పుడూ అదే, ఇక్కడా అదే. తుంటి విరిగిన ఒక ముసలాయన రోజంతా నన్ను స్పానిష్‌లో ఏదో అడిగేవాడు. నీళ్ళు కావాలంటున్నాడో, నొప్పి అంటున్నాడో నాకు తెలిసేది కాదు. రెండూ ఇచ్చేదాన్ని, నీళ్ళూ మాత్రా. ఆయన అడిగింది కిటికీ తెరవమని అట! వార్డు తుడిచే రోసా చెప్పింది. రోసాకు రెండు భాషలూ వచ్చు. తనే నన్ను శనివారం లైబ్రరీకి రమ్మంది. ఆమె మాట నా చెవికి మన ఊరి మాటలాగే వినిపిస్తుంది, అందుకే అలాగే రాస్తున్నాను.

"మేయ్, ఆడోళ్ళకు మాత్రమే. రెండు బాసల్లోనూ జరుగుతాది. నువ్వూ రా" అంది.

నేను అది స్పానిష్ నేర్పే బడి అనుకున్నాను. అక్షరాలు దిద్దిస్తారని కొత్త నోటుబుక్కు కొని, పెన్సిలు చెక్కుకుని వెళ్ళాను. అక్కడ బోర్డు లేదు, బెంచీలు లేవు. గుండ్రంగా కుర్చీలు, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. ఒకామె లాండ్రీలో పని చేస్తుంది, ఒకామె తోటల్లో ఉల్లిగడ్డలు పెరుకుతుంది, ఒకామె బడిలో వంట చేస్తుంది. అందరి ఒళ్ళో కాగితాలు. టీచరమ్మ ముందు స్పానిష్‌లో, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది, మీ ఇంట్లో ఎవరివైనా చేతుల గురించి రాయండి అని.

"ఏం రాయాల?" అని రోసాను అడిగాను.

"కతో, గుర్తుకొచ్చిందో, ఏదన్నా. నీదై ఉండాల, అంతే."

నాయనా, ఆ రోజు నేను చూసినదాన్ని ఎలా చెప్పాలి! లాండ్రీ ఆమె లేచి వాళ్ళమ్మ చేతుల గురించి చదివింది. చదవడం అయ్యాక ఇంకొకామె అదే ఇంగ్లీషులో చదివింది. ఒకే సంగతి రెండుసార్లు విన్నా ఎవరూ విసుక్కోలేదు. మొదటిసారి స్పానిష్ వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, రెండోసారి రానివాళ్ళు. పొద్దంతా గుడ్డలుతికే మనిషి రాసుకున్న మాటలకు అంతమంది అంత శ్రద్ధగా కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తిరుచానూరులో హారతి ఇచ్చేటప్పుడు జనం నిలబడినట్టు కూర్చున్నారు. చెక్కిన పెన్సిలు సంచీలోనే పెట్టుకుని వచ్చేశాను.

రెండు శనివారాలు ఊరికే విన్నాను. మూడోసారి నేనూ రాశాను. నీ చేతుల గురించే రాశాను నాయనా. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఒక పేజీ. మన వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం. దెబ్బ తగిలినాయన పళ్ళు బిగపట్టుకుని పడుకుని ఉంటాడు. నువ్వు కళ్ళు మూసుకుని బొటనవేలితో తడుముతావు. "మీ ఊర్లో వాన పడిందాప్పా?" అంటావు. ఆయన "యాడ పడిందన్నా..." అని మొదలుపెట్టేలోగా టక్కుమని ఎముక దాని చోట కూర్చుంటుంది. ఆయన అరిచి, తర్వాత నవ్వి, మిగిలిన వాన సంగతి చెబుతాడు. తర్వాత ఆకు ముద్ద, కోడిగుడ్డు సొన, పాతగుడ్డ, వెదురు బద్దలు. వెదురు బద్దలు నున్నగా అరగదీసేది భారతి అని కూడా రాశాను.

నేను చదివాను. తర్వాత రోసా స్పానిష్‌లో చదివింది. అందులో నాకు ఒక్క ముక్క తెలియదు, నీ పేరు తప్ప. కానీ వాన దగ్గర అందరూ ముందుకు వంగారు. ఎముక దగ్గర ఒకామె తన మణికట్టు తానే పట్టుకుంది. తర్వాత గొల్లున నవ్వారు, మన వాకిట్లో నవ్వినట్టే. పుత్తూరు దాటి ఎరగని మా నాయన, మునిరత్నం, నాకే రాని భాషలో వీళ్ళ ముందు నడిచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఇది ఎలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. నాకు ఏడుపూ వచ్చింది, గర్వమూ వచ్చింది.

అందరూ లేచేటప్పుడు కార్మెన్ అని ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. నా మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో తడిమింది. నువ్వు తడిమినట్టే! వాళ్ళమ్మ ఎముకలు కట్టేదట, వాళ్ళమ్మమ్మ కూడా. వాళ్ళ ఊళ్ళో అది ఆడవాళ్ళ చేతి పని. తల్లి నుంచి కూతురికి. భూమికి అవతలి పక్క, మన పేరు కూడా విననివాళ్ళు, ఇదే పని ఇలాగే చేస్తున్నారు నాయనా. రోసా మధ్యలో నిలబడి మా ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేసింది.

"మీ నాయన తర్వాత ఎవురు చేస్తారు?" అని అడిగింది అవ్వ.

తమ్ముడికి వేరే ఉద్యోగం అని చెప్పాను.

"మరి నువ్వు?"

"ఆడపిల్లలకు నేర్పించరు అవ్వా. వేరే ఇంటికి పొయ్యేవాళ్ళం కదా."

అవ్వ నా చెయ్యి వదల్లేదు. "ఆ ఇంట్లో ఎముకలు ఇరగవా?" అంది.

ఆ మాటకు జవాబు బస్సులో వస్తూ వెతికాను, వార్డులో కట్లు మారుస్తూ వెతికాను. ఈ రోజుకీ దొరకలేదు. నీ దగ్గర ఉంటే చెప్పు.

వాళ్ళు అందరి రాతలూ కలిపి చిన్న పుస్తకం వేశారు. ఎడమ పక్క స్పానిష్, కుడి పక్క ఇంగ్లీషు. ఈ కవర్లోనే పంపుతున్నాను. రెండు పక్కలా నీ పేరు ఉన్నచోట గీత గీశాను, చూడు. టీచరమ్మ ఆకు పేరేమిటని అడిగింది. అది నేను చెప్పకూడదు, మా నాయన చెప్పాలి అన్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. కార్మెన్ అవ్వ మాత్రం తల ఊపింది.

ఇప్పుడు నువ్వు కోప్పడేది ఒకటి చెబుతాను. ఆకు పేరు నాకు తెలుసు. పదేళ్ళప్పుడే తెలుసు. ఆకు కోసుకొచ్చే రోజు మమ్మల్ని చేను దగ్గరికి పంపేవాడివి. నేను పోయేదాన్ని కాదు, కొట్టం వెనక నక్కేదాన్ని. ఎన్ని ఆకులో, ఎంత సొనో అంతా చూశాను. ఇన్నేళ్ళలో ఆయనకు కూడా చెప్పలేదు. కానీ చూసి తెలుసుకున్నది చేతికి రాదు. నీ చెయ్యి నా చెయ్యి మీద పెట్టి, ఇదిగో ఈడ, ఈడ నొక్కు అని నువ్వు చెప్పి ఉండాల్సింది. అది దక్కలేదని నాకు బాధ. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పేశాను.

అమ్మ కూడా వేరే ఇంటి నుంచి వచ్చిందే కదా? ఆకు నూరింది ఎవరు ఇన్నేళ్ళూ? నాకు టైము దాటిపోయింది, నేను దూరంలో ఉన్నాను. భారతి నీ పక్కనే ఉంది. బద్దలు అరగదీస్తుంది, కట్టు కట్టేటప్పుడు వచ్చినవాళ్ళ భుజాలు పట్టుకుంటుంది, పిల్లలు ఏడిస్తే ఊరుకోబెడుతుంది. రేపు అది ఏ ఊరికి కోడలుగా పోయినా ఆ ఊళ్ళోనూ మనుషులు పడతారు, లేస్తారు. నీ బొటనవేలికి తెలిసింది నీ బొటనవేలితోనే పోతుందంటే నేను ఇక్కడ తట్టుకోలేను నాయనా. ఆ వణుకు ఎక్కువ కాకముందే దానికి నేర్పించు. ఇంతకంటే నేను నిన్ను ఏమీ అడగను.

కామాక్షత్తకు, ఎదురింటి పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. తమ్ముడికి ఆశీస్సులు. వీలైతే తిరుచానూరు అమ్మవారి కుంకుమ చిన్న పొట్లం కట్టి కవర్లో పెట్టండి. అమ్మ మోకాలికి చన్నీళ్ళు తగలనివ్వొద్దు. ఆయన కూడా మీ ఇద్దరి ఆశీర్వాదం అడుగుతున్నారు. మేము బాగున్నాం, మళ్ళీ చెబుతున్నాను, బాగున్నాం.

భారతీ, ఒక్క మాట కూడా మింగకుండా చదివావు కదూ? ఇక ఉత్తరం కింద పెట్టు. నాయన ఏమన్నా అనకముందే ఎదురుగా కూర్చుని నీ రెండు చేతులూ చాపు.

మీ బిడ్డ
సరోజ