మూడు ఔన్సుల సవతి

ఏప్రిల్ 6

మా ఆయన ఒర్రిన్ తన రైఫిల్‌కి బ్రేక్ పెట్టించుకొచ్చాడు. నాతో ఒక్క ముక్క అనలేదు.

పికప్ లోంచి సంచి దింపుతుంటే జిప్పు చివరిదాకా పడలేదు. తెరిచి చూస్తే గొట్టం మూతికి వేలెడంత ఉక్కు ముక్క, పక్కలకి చిల్లులు. మజిల్ బ్రేక్, అన్నాడు. మూడు ఔన్సులే, అన్నాడు, నేనేదో బరువు గురించి బెంగపడుతున్నట్టు.

అది టూ ఫార్టీ త్రీ, చిన్న గుండు రైఫిల్. పేలినప్పుడు అది వెనక్కి తన్నే తన్ను ఎంతని? మా అమ్మ డెబ్బై ఏళ్ళప్పుడు దాంతో జింకని కొట్టింది, నెత్తిమీద టోపీ కదల్లేదు. భుజం విరగ్గొట్టే పెద్ద తుపాకులకి బిగించుకుంటారు ఇలాంటివి. నీకేం పోయేకాలం అన్నాను.

తన్ను కోసం కాదే, అన్నాడు. పేలినప్పుడు గ్యాసు పక్కలకి పోతుంది, గొట్టం పైకి లేవదు, స్కోప్‌లోంచి గురిపెట్టిన ఇనప ప్లేటు జారిపోదు. గుండు ఎక్కడ పడిందో నాకే కనిపిస్తుంది, అన్నాడు.

నాకే కనిపిస్తుందట.

ఇరవై రెండేళ్ళుగా గుండు ఎక్కడ పడిందో చెప్పేది నేను.

ఏప్రిల్ 7

ఇది ఎవరూ చదవరు కాబట్టి గొప్పలు రాసుకుంటాను. ఈ కౌంటీలో నా అంత స్పాటర్ లేదు. అతను పేలుస్తాడు, నేను పెద్ద స్కోప్ పెట్టుకుని పక్కన బోర్లా పడుకుంటాను. ఆరు వందల గజాల అవతల చిటికెడు దుమ్ము లేస్తే చాలు, ఎడమ, అర ప్లేటు, అంటాను, గుండు అంత ఎడమకి పడిందని. అతను ఆ మేరకి కుడికి జరుపుకుంటాడు. టంగ్. ఇద్దరం కలిస్తేనే ఒక షూటర్ అని తుపాకుల క్లబ్బులో పేరు.

ఎప్పుడూ ఎడమ పక్కనే పడుకుంటాను. కుడివైపు పడుకుంటే పేలిన తూటాల ఖాళీ తొడుగులు మీద పడతాయి, చురుక్కున కాలతాయి.

మొదట్లో నేనేం చెప్పినా దెబ్బలాట. లేదు, అంత లేదు, పావు ప్లేటే, గాలి నువ్వు చూళ్ళేదు, నువ్వు తప్పు. మ్యాట్ మీద పోట్లాడుకుంటుంటే జనం నవ్వుకునేవాళ్ళు. ఏడాదిగా అది మానేశాడు. ఏం చెప్పినా, బాగా చెప్పావు నెట్, అని నన్ను పేరుపెట్టి మెచ్చుకుంటాడు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళకి మొగుడు దారిలో పడ్డాడని సంబరపడ్డాను.

దారిలో పడ్డం కాదన్నమాట. నా మీదకి సవతిని తెచ్చే ప్రయత్నంలో ఉన్నాడన్నమాట.

ఏప్రిల్ 13

పొలాలు తవ్వేసే గోఫర్ ఎలకలు బయటికొచ్చాయి. పొద్దున ఎండెక్కాక వాటిని కొట్టడానికి పక్క ర్యాంచ్ గడ్డిపొలంలో పడుకున్నాం.

మొదటి గుండుకే ఎవరో లాగి చెంపమీద కొట్టినట్టయింది. గ్యాసంతా పక్కకే కదా పోయేది, పక్కన ఉన్నది నేనే కదా. నోట్లో మట్టి, స్కోప్ అద్దం మీద మట్టి. మోత ఆపే మఫ్‌లు పెట్టుకున్నా చెవి గింగుర్లెత్తింది. అతనికేమో హాయిగా ఉంది. చెవుల్లో ప్లగ్గులు కూరుకుని, పైన మఫ్‌లు పెట్టుకుని, పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నట్టు మురిసిపోతూ పేలుస్తున్నాడు.

నేను నోరు తెరిచేలోపు రెండో గుండు వెళ్ళిపోతోంది. తగులుతోంది కూడా.

అదే నన్ను కాల్చేస్తోంది. ఒక్కసారి తప్పితే బాగుండునని కోరుకున్నాను. నా మొగుడి గుండు తప్పాలని!

ఏప్రిల్ 14

ఇంకా చెవిలో ఈల.

ఏప్రిల్ 27

బిగించింది ఎవరో తెలిసింది. కొరీన్. ముప్ఫై మైళ్ళ అవతల షెడ్డులో లేత్ పెట్టుకుని తుపాకులు బాగుచేస్తుంది. నలభై నాలుగేళ్ళు, వీపు మీదికి జడ, మొగుణ్ణి వదిలేసింది. ఒర్రిన్ అక్కడికి మూడుసార్లు వెళ్ళాడట. బ్యారెల్ చివర మర చెయ్యడానికి మూడుసార్లు ఎందుకు? నట్టు బిగించే పనికి మనువు మాట్లాడినన్ని రాకపోకలా?

అడిగాను. ఎంత సన్నగా తీసిందో మరలు, చూడు, అన్నాడు. చూడను, అన్నాను.

మే 3

క్లబ్బు మీటింగు. బ్రేకుల మీద గంటన్నర రాద్ధాంతం.

క్లబ్బు వాళ్ళు పేల్చే మైదానం, ఆ రేంజ్ చూసుకునే గస్ ముసలాయన మొదలెట్టాడు. ఆ బ్రేకుల వాళ్ళందర్నీ పేల్చే లైను చివరికి తోసెయ్యండి, పేల్చేవాడికి సుఖం, పక్కవాడికి శిక్ష, పక్కన పడుకుంటే పళ్ళు కదులుతున్నాయి, అన్నాడు. నీ పళ్ళు కట్టుడువి కదా గస్, అన్నాడు వెనకనించి ఎవడో. స్కూల్ టీచరు ఒకాయన లేచాడు. తన్ను లేని రైఫిల్‌కే బ్రేక్ బాగా పనిచేస్తుంది సార్, స్కోప్ అస్సలు కదలదు, మన తప్పు మనకే కనిపిస్తుంది, ఉలికిపడే అలవాటు కూడా పోతుంది, అన్నాడు. ఆ సుఖానికి చెవులు తాకట్టు పెట్టాలి మరి, అన్నాడు గస్.

అప్పుడు కొరీన్ లేచింది. నేను బతికేదే అవి బిగించి, కానీ నిజం చెబుతాను, అంది. చిన్న గుండు రైఫిల్‌కి తన్ను తగ్గించుకునే అవసరం లేదు. గొట్టం పొడుగవుతుంది, మోత పెరుగుతుంది, బోర్లా పడుకుంటే దుమ్ము. లాభం ఒక్కటే, ఎక్కడ తగిలిందో కనబడటం. పక్కన మంచి స్పాటర్ ఉంటే దాని అవసరమే లేదు. అంటూ నా వైపే చూసింది.

నన్ను ఎత్తిపొడిచింది. బిగించి పంపిందీ తనే, అవసరం లేదనేదీ తనే. అంటే నేను మంచి స్పాటర్‌ని కాదనేగా.

అది మాట్లాడుతున్నంతసేపూ ఒర్రిన్ తల పూర్తిగా అటు తిప్పి, కాస్త వంచి, నోరు కూడా తెరుచుకుని విన్నాడు. నా మాట వినడానికి ఎన్నడైనా అలా తల తిప్పాడా?

మే 10

చోక్‌చెర్రీ పళ్ళ జామ్ సీసా తెచ్చాడు. ఆ కొరీన్ ఇచ్చిందట. బాగుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

మే 17

ఇవాళ ఒక పాడు పని చేశాను. రాసెయ్యాలి.

క్లబ్బు రేంజ్. నాలుగు వందల గజాల ప్లేటు. గుండు ఎడమకి పోయింది, దుమ్ము అద్దంలో మొహం కనబడినంత స్పష్టంగా కనిపించింది. నేను కావాలనే, కుడి, అర ప్లేటు, అన్నాను. నా మాట వింటే ఇంకా ఎడమకి జరిగి తప్పాలి.

బాగా చెప్పావు నెట్, అన్నాడు. టంగ్. నట్టనడుమ.

వినలేదు. తన కళ్ళతో చూసుకుని కొట్టాడు, నాకు బిస్కెట్ వేశాడు. ఇన్నాళ్ళూ వేసినవన్నీ బిస్కెట్లేనా? ఇంటికొచ్చేదాకా పికప్‌లో మాట్లాడలేదు. ఏమైంది, ఏమైంది, అని నాలుగుసార్లు అడిగాడు. పికప్‌లో మాత్రం చెవులు బాగానే పనిచేస్తాయి మహానుభావుడికి.

మే 24

మళ్ళీ రేంజ్. ఇంకో పరీక్ష. మొదటి గుండు తరవాత, ఆవు నిచ్చెన ఎక్కుతోంది, అన్నాను. బాగా చెప్పావు నెట్. టంగ్. రెండో గుండు తరవాత, వంటిల్లు తగలబడుతోంది, అన్నాను. బాగా చెప్పావు నెట్. టంగ్.

మూడో గుండు తరవాత, కొరీన్‌ని పెళ్ళి చేసుకో, నేను పోతాను, అన్నాను.

బాగా చెప్పావు నెట్, అన్నాడు.

మే 25

గస్‌కి ఫోన్ చేశాను. జూన్ 28 జంటల పోటీలో నా పేరు కొట్టెయ్యి, అన్నాను. నీకు జ్వరమా, అన్నాడు. పదహారేళ్ళుగా ఒక్కటీ మానలేదు మేము. మరి ఒర్రిన్ పక్కన ఎవర్ని వెయ్యను, జంట లేకపోతే వాణ్ణి లైనెక్కనివ్వను, అన్నాడు. కొరీన్‌ని అడుగు, అన్నాను. పెన్సిల్‌తో కొడతాను, పెన్నుతో కొట్టను, అన్నాడు గస్.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆ మ్యాట్ మీద అతని పక్కన నా చోటు తప్ప నాకు ఇంకేం అక్కర్లేదు. ఆ చోటు ఇంకో మనిషికి పోతే ఓర్చుకోవచ్చు, కానీ ఒక ఉక్కు ముక్కకా?

మే 27

వెళ్ళాను. ముప్ఫై మైళ్ళూ తిట్లు కూర్చుకుంటూ వెళ్ళాను. నా మొగుడి జోలికి రాకు అని మొదలుపెడదామనుకున్నాను, అలాగే మొదలుపెట్టాను.

కొరీన్ పడీ పడీ నవ్వింది. తరవాత నా మొహం చూసి లేత్ ఆపేసింది. బల్ల మీది ఇనప రజను ఊడ్చి కూర్చోమంది. కాఫీ పోసింది.

చెప్పిందంతా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఒర్రిన్‌ని రెండుసార్లు తిప్పి పంపేసిందట. ఈ రైఫిల్ కంటే మా పిల్లి ఎక్కువ తన్నుతుంది, దీనికి బ్రేక్ ఎందుకు, పక్కన పడుకునే మనిషి చెవులు ఏం కావాలి, అందట. మూడోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి నిజం చెప్పాడట. నా భార్య ఏం చెబుతోందో నాకు వినబడటం లేదమ్మా, ఏడాదయింది, అన్నాడట. గుండు నేనే చూసుకోగలిగితే ఆవిడ చెప్పింది విన్నట్టు నటించొచ్చు, అన్నాడట. ఇంట్లో చెప్పొచ్చు కదా అంటే, చెబితే ఇంక నేనెందుకు అని రావడం మానేస్తుంది, ఆవిడ పక్కన లేకపోతే నాకీ తుపాకీ ఎందుకు, అన్నాడట.

ఎడమ చెవి పూర్తిగా పోయింది, అంది కొరీన్. కుడిచేతి వాటం వాళ్ళకి ముందు అదే పోతుంది, చెంప తుపాకీకి ఆనించినప్పుడు గొట్టం వైపు ఉండేది అదే. మా నాన్నకీ అంతే. మొదటిరోజే పట్టేశాను, కుడి చెవి నావైపు తిప్పి నిలబడ్డాడు. ఆ బ్రేక్ మోతకి ఆ మిగిలిందీ పోతుందని చెప్పాను. జూన్ పోటీ అయ్యాక విప్పేస్తానన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఎడమ పక్కనే పడుకుంటున్నావు, నీకు తెలీదా?

తిట్లన్నీ అక్కడే మరిచిపోయాను. కాఫీ బాగుంది అని చెప్పి వచ్చేశాను.

మే 28

పికప్‌లో నేను అతనికి కుడివైపు కూర్చుంటాను. వంటింట్లో బల్ల దగ్గర కుడివైపు. చర్చిలో పోయిన ఏడు తను గోడవైపుకి మారి నన్ను కుడివైపు కూర్చోబెట్టుకున్నాడు, గాలి తగలడం లేదని వంక పెట్టి. మీటింగులో తల తిప్పింది కుడి చెవి అటు పెట్టడానికి. అంతా నా కళ్ళ ముందే ఉంది. ఆరు వందల గజాల అవతల దుమ్ము చూసేదాన్ని, ఆరంగుళాల దూరంలో చెవి చూడలేదు.

జాలి వేస్తోంది. సిగ్గు వేస్తోంది. అయినా ఉన్నమాట రాస్తాను. అన్నిటికంటే ఎక్కువ మండుతున్నది, నాకంటే ముందు కొరీన్‌కి తెలిసిందని. ఆ మాట మొదట నాతో చెప్పాల్సింది.

జూన్ 14

పొద్దున రెంచి తీసుకుని బ్రేక్ విప్పేశాను. సవతి అంత సులువుగా ఊడొస్తుందనుకోలేదు. అతని కాఫీ కప్పు పక్కన పెట్టి, కుడి చెవి దగ్గర వంగి, దీని పని అయిపోయింది, అన్నాను.

చాలాసేపు ఆ ముక్కని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. ఆ కొరీన్ ఎవరికీ చెప్పనని మాటిచ్చింది, అన్నాడు.

ఇద్దరికీ ఒక రహస్యం కూడా! జామ్ సీసా తీసుకెళ్ళి పెరట్లో గోఫర్ బొరియ దగ్గర కుమ్మరించాను. తరవాత వచ్చి అతని తల నా పొట్టకేసి అదుముకుని ఏడ్చాను. తనూ ఏడ్చాడు. ఇంకెప్పుడూ నన్ను బాగా చెప్పావు అనకు, అన్నాను.

గస్‌కి ఫోన్ చేశాను. రబ్బరు ఎక్కడ పెట్టానో వెతకాలి, అన్నాడు.

జూన్ 28

ఇవాళ కుడి పక్కన పడుకున్నాను.

ఖాళీ తొడుగులు వరసగా మోచేతి మీద పడ్డాయి. నాలుగు చోట్ల కాలింది. పదిలో ఏడు ప్లేట్లు. స్కూల్ టీచరు, వాళ్ళావిడ తొమ్మిది కొట్టారు, బ్రేక్‌తో.

ఎనిమిదో ప్లేటుకి, ఎడమ, అర ప్లేటు, అన్నాను. ఒర్రిన్ బోల్ట్ మీద చెయ్యి ఆపాడు. పోటీ గడియారం నడుస్తోంది.

లేదు, పావు ప్లేటే, నువ్వు తప్పు, అన్నాడు.