బాగుందని మాత్రం అనకు

అక్కా,

నా తలలోంచి గడ్డ తీశారు సరే, మీ అందరి తలల్లోంచి బుర్రలెప్పుడు తీశారో తెలియలేదు.

మళ్ళీ మిషన్ ముందు కూర్చుని మీ మరిదికి చొక్కా కుట్టాను. "అదిరింది" అంటూ దర్జాగా ఆఫీసుకి వేసుకెళ్ళాడు. ఉతికి మడతపెడుతుంటే చూశాను, చొక్కా ఎడమ చెయ్యి నాలుగు వేళ్ళ మేర పొట్టి! పిల్లదాని గౌనూ అంతే. అదీ నోరు మెదపలేదు, తండ్రి తర్ఫీదు అలాంటిది. గదమాయిస్తే అప్పుడు కక్కాడు: ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు నాకు ఎడమవైపు చూపు సరిగా ఆనదని డాక్టరు చెప్పాడట. నాకు తప్ప అందరికీ.

వాళ్ళని వదిలెయ్. చిన్నప్పటి నుంచీ నేను కుట్టిన ప్రతిదానికీ వంక పెట్టిన నువ్వు, మొన్న పంపిన నైటీ చూసి ఫోన్లో "చాలా బాగుందమ్మా" అన్నావు. 'అమ్మా' అట! స్కానింగ్ రిపోర్టు చూసినప్పుడు కూడా నేనంత భయపడలేదు.

ఈ ఉత్తరంతో ఇంకో నైటీ పంపుతున్నాను. దీనికి అసలు ఎడమ చెయ్యే కుట్టలేదు, కావాలనే. ఇదీ బాగుందన్నావంటే, ఇక నా పని అయిపోయిందనే అనుకుంటాను. నేను బతుకుతానని నీకు నమ్మకముంటే మాత్రం, వచ్చి నోరారా తిట్టు.

నీ చెల్లి