కాయ లేని షీటు

ఏప్రిల్ 30
స్టెల్లా జ్వరంతో పోయి నెల దాటింది. ఈరోజు దాని స్నేహితురాలు నజ్మా వచ్చింది. కాలేజీలో మిగిలిన నా కూతురి సామాను తెచ్చింది. అందులో ఒక అట్ట, మొక్కల ప్రాజెక్టు షీటట. ఎండబెట్టిన కొమ్మ, ఆకులు, రెండు పూలు, దారంతో కుట్టి ఉన్నాయి. నా దగ్గర నేర్చుకున్న కుట్టే...

"చిలకదుద్దుగ అంటారాంటీ. సీతాఫలం కుటుంబమే. కొండపల్లి అడవిలో తనే వెతికి పట్టుకుంది. కాయలు కూడా పెడితేగానీ ప్రాజెక్టు పూర్తవదు."

మే నెలాఖరుకు కాస్తాయట.

మే 2
ఆయనకు చెప్పాను. "మళ్లీ అడవికెందుకు, వదిలేయ్" అన్నారు. తర్వాత చాలాసేపు ఆ అట్ట ముందే కూర్చున్నారు.

మే 11
మిషను ముందు కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఒక్క జాకెట్టూ కాలేదు.

మే 24
నజ్మాతో కొండపల్లి. ఎండ. స్టెల్లా పంపిన ఫొటో పట్టుకుని వెతికాం. ఫొటోలో చెట్టు పక్కన అది, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని. చెట్టు దొరికింది. కాయలున్నాయి, గుత్తులుగా, పచ్చివి.

"ఎర్రబడ్డాక తీయాలాంటీ."

కొండ దిగుతుంటే నజ్మా ఏడ్చింది. "అడవికి వెళ్లేముందే జ్వరమని నాకు చెప్పింది. మీకు చెప్పొద్దంది, అడవికి పంపరని..."

బస్సులో వేరే సీట్లో కూర్చున్నాను.

మే 25
నాకు చెప్పి ఉంటే.

మే 29
నజ్మా ఫోన్. ఎత్తలేదు.

జూన్ 3
మళ్లీ ఫోన్. ఎత్తాను.

"నామీద కోపమా ఆంటీ?"

"దాని కళ్లు ఎర్రగా ఉండటం నేనూ చూశానమ్మా. ఎండకనుకున్నాను. అడగలేదు."



జూన్ 8
మళ్లీ వెళ్లాం, ఇద్దరం. చిలకలు చాలావరకు తినేశాయి. ఒకటే గుత్తి మిగిలింది, ఎర్రగా. నజ్మా కొమ్మ వంచింది. నేను కత్తిరించాను, జాకెట్ల కత్తెరతోనే.

జూన్ 17
కాయలు ఎండి నల్లబడ్డాయి. నేనే అట్టకు కుట్టి, కాలేజీకి తీసుకెళ్లాను. వాళ్ల మేడం చాలాసేపు చూశారు.

"కుట్టు బాగుందండీ. కాయలకు వేరే చీటీ పెట్టాలి. సేకరించినవాళ్ల పేరు, తేదీ."

"స్టెల్లా పేరే రాయండి మేడం."

ఆమె అట్ట మీది చీటీ చూపించారు. "పూల చీటీ మీద తన పేరే ఉందండీ. ఇవి జూన్‌లో తీసినవి... తీసింది మీరు. మీ పేరే రాయాలి."

చీటీ ఇంటికి తెచ్చుకున్నాను.

జూన్ 18
తేదీ రాశాను. పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నా పేరు రాస్తే, ఆ కాయలు అది చూడలేదని నేనే ఒప్పుకున్నట్టు...

"రాశావా?" ఆయన వంటింట్లోంచి.

సోమవారం ఇవ్వాలి.