హెలికాప్టరుకు ఎడమ డొక్క

1

బాబాయి గారి పాదాలకూ, వారి బల్లమీది ఇన్‌వర్డ్ రిజిస్టరుకూ అన్నకొడుకు సమానంగా నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు నా మీద కోపం. అది కూడా క్షేమంగానే ఉంది.

ఫోన్లో అడిగితే "నోటిమాటకు ఫైలు పుట్టదురా, రాసి పంపు" అన్నారు గదా, రాస్తున్నాను. మీ ప్రదర్శనశాల ఆవరణలో నిలబెట్టిన సైనిక హెలికాప్టరుకు నేను బొమ్మ చేస్తున్నాను. అసలులో ముప్పై అయిదో వంతు, అంటే మూరెడు కంటే కాస్త ఎక్కువ. బొమ్మ విడిభాగాలు వచ్చే కిట్ డబ్బాలో ఇంజన్ అని చెప్పి ఒక ప్లాస్టిక్ ముద్ద ఇచ్చారు. వాడి అరగదీసిన సబ్బుబిళ్లకైనా అంతకంటే రూపం ఉంటుంది. దాన్ని అవతల పారేసి ఇంజన్ గది మొత్తం సొంతంగా కడుతున్నాను. ఇయర్‌బడ్ పుల్లలు గొట్టాలయ్యాయి. పాత ఛార్జరులోని రాగితీగలు వైర్లయ్యాయి. మాత్రల అట్ట వెనకుండే వెండిరేకు పట్టీలుగా, గుండుసూది తలలు బోల్టులుగా మారాయి. ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో డిగ్రీ పట్టా కూడా వచ్చిందట, నేను పనిలో ఉండి చూసుకోలేదు.

కుడివైపు ఫొటో ఒక పాత పత్రికలో దొరికింది. ఎడమవైపుది మాత్రం ఎంత వెతికినా లేదు. ఫొటోలు తీసినవాళ్లంతా కట్టగట్టుకుని కుడివైపే ఎందుకు నిలబడ్డారో! మరో రెండు నెలల్లో బొమ్మల పోటీ ఉంది. మూత తెరిచి లోపల చూపించేవాళ్లు అది నిజమేనని ఆధారం చూపాలని నిబంధన. న్యాయనిర్ణేత భూతద్దం మాస్టారు. పోయినేడు నా ట్యాంకు బొమ్మకు ఒక బోల్టు ఎక్కువైందని వరసలోంచి నెట్టేసిన మహానుభావుడు ఆయనే. ఆధారం లేకపోతే మూత వేసి అతికించెయ్యాలి. ఎనిమిది నెలల పనిని నా చేత్తో నేనే పూడ్చిపెట్టినట్టు.

కాబట్టి మీ హెలికాప్టరు ఎడమవైపు ఇంజన్ మూత ఒక్కసారి తెరిచి, ఒక్కటంటే ఒక్క ఫొటో తీయించండి.

ఇట్లు,
మీ మాట జవదాటని అన్నకొడుకు

తా.క.: దర్జీ దగ్గర అరువు తెచ్చిన గుండుసూదులన్నిటికీ తలలు లేకపోయేసరికి పరువు పోయిందని అమ్మ అంటోంది. తలలు పోయింది సూదులకు, పరువు పోయింది అమ్మకు, తిట్లు పడింది నాకు. పని పంపకం బాగానే ఉంది.

2

విషయం: హెలికాప్టరు ఎడమవైపు మూత తెరవమని కోరుట గురించి.
సూచిక: తమ ఉత్తరం. (తేదీ వేయలేదు. ఇకపై వేయవలెను.)

అయ్యా,

తమ ఉత్తరం అందినది. సదరు మూతకు పద్నాలుగేళ్లుగా తాళం వేసి ఉన్నది. తాళంచెవి ఈ కార్యాలయ పర్యవేక్షకుని, అనగా నా స్వాధీనంలో భద్రంగా ఉన్నది. తెరవడానికి డైరెక్టరు గారి అనుమతి కావలెను. అనుమతి కోరే దరఖాస్తులో లోపల ఏయే వస్తువులున్నవో జాబితా ఇవ్వవలెను. లోపల ఏమున్నదీ తెరిస్తే గాని తెలియదు గనుక తమ కోరిక పరిశీలనలో ఉన్నది. ఉండగలదు. బంధుత్వం పరిగణనలోకి తీసుకోబడదు.

ఇట్లు,
కార్యాలయ పర్యవేక్షకుడు

తా.క.: ఒరేయ్ నాన్నా, పైదంతా ఫైలు కోసం, మనసులో పెట్టుకోకు. నీ బొమ్మ ఎంతదాకా వచ్చిందో ఫొటో పంపు, పిన్ని చూస్తానంటోంది. నువ్వు ఎనిమిదో తరగతిలో చేసిన విమానాన్ని దువ్వెన అనుకుని తల దువ్వుకున్నది గుర్తుందిగా? ఈసారి ముందే చెబితే జాగ్రత్తపడుతుందట.

3

తేదీ వేశాను, చూసుకోగలరు.

బాబాయి గారికి నమస్కారాలు. ఎడమవైపు పని అయిపోయింది. మీ అనుమతి కోసం ఆగలేదు. ఆగితే పోటీ గడువు దాటిపోతుంది. మూడు ఆదివారాలు ఎవరికీ చెప్పకుండా కూర్చుని లోపలంతా నాకు తోచినట్టు సర్దాను. ఫొటో జతచేశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, బాగా దగ్గర నుంచి తీసింది. మీ బీరువాలో పాత డ్రాయింగు ఏదైనా ఉంటే పక్కన పెట్టి చూసి, తప్పులుంటే చెప్పండి.

ఇట్లు,
పని రాక్షసుడైన మీ అన్నకొడుకు

తా.క.: చివర్లో ఇంజన్ మీద ఒక జిడ్డు గుడ్డపీలిక వదిలేశాను. మెకానిక్ ఎవరో మరిచిపోయాడనుకోవాలి. ఎలా ఉంది నా తెలివి?

4

విషయం: ప్రభుత్వ ఆస్తిలోకి అక్రమ ప్రవేశం గురించి.

అయ్యా,

బొమ్మ ఫొటో పంపమంటే తమరు మా హెలికాప్టరు ఫొటో పంపినారు. తాళం వేసిన మూతను అనుమతి లేకుండా మూడు ఆదివారాలు తెరిచినట్టు, లోపలి వస్తువులను తమకు తోచినట్టు సర్దినట్టు, పైగా గుడ్డపీలిక వదిలినట్టు తమ చేతిరాతతోనే ఒప్పుకున్నారు. ఆదివారాలు ఈ కార్యాలయానికి సెలవు అన్న సంగతి తమకు ఎవరు చెప్పినారు? ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేయడమైనది. సాక్ష్యం చెదిరిపోకుండా, సంఘం కూర్చునేదాకా మూతను ఎవరూ ముట్టరాదని ఉత్తర్వు.

ఇట్లు,
కార్యాలయ పర్యవేక్షకుడు

తా.క.: ఓరి నీ దుంప తెగ! ఇంజన్ అంత బాగా కనిపించేసరికి ముచ్చటపడి, వెనకాముందూ చూడకుండా డైరెక్టరు గారికి నేనే చూపించాను గదరా! "తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగాడాయన, చాలా మెల్లగా. మెల్లగా అడిగే మనిషి కాడు. వాచ్‌మన్ తాత నాతో మాటలు మానేశాడు. ఆయన కాపలాలో చీమ కూడా దూరలేదట, దూరితే అది పర్యవేక్షకుడి బంధువైన చీమేనట.

5

బాబాయి గారికి, వారి సంఘానికి, ముఖ్యంగా వాచ్‌మన్ తాతగారికి సాష్టాంగం.

నేను మీ గేటు కూడా దాటలేదు. ఆ ఫొటోలో ఉన్నది నా బొమ్మే! మీరు ఇంజన్ అనుకుంటున్నది ఆవలిస్తే నోట్లో పట్టేంత ఉంటుంది. ఆ లావుపాటి నల్ల గొట్టం ఇయర్‌బడ్ పుల్ల. గుడ్డపీలిక టిష్యూ కాగితం, టీ డికాక్షన్‌లో ముంచాను. తుప్పులా కనిపించేది అక్కయ్య గోళ్లరంగు. నమ్మకం కుదరకపోతే ఇదిగో రెండో ఫొటో. కొలత తెలియడానికి ఇంజన్ పక్కన ఒక అగ్గిపుల్ల పెట్టి తీశాను. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

పోటీ ఇంకా నెల కూడా లేదు బాబాయ్. విచారణ తర్వాత చేసుకోండి, ముందు మూత తెరవండి.

ఇట్లు,
నిర్దోషి

తా.క.: నిజం చెప్పొద్దూ, మీ ఉత్తరం చదివి ఏడవాలో ఎగరాలో తెలియలేదు. నా పనిని ఇంతగా మెచ్చుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు. అమ్మ కూడా కళ్లు తుడుచుకుని "దొంగ అనిపించుకున్నాడంటే చేతిలో పని ఉన్నట్టే" అంది.

6

విషయం: అగ్గిపుల్ల గురించి.

అయ్యా,

తమరు పంపిన రెండో ఫొటోను సంఘం క్షుణ్ణంగా పరిశీలించినది. హెలికాప్టరు ఇంజన్ కొలతల ప్రకారం లెక్కకట్టగా, పక్కనున్న అగ్గిపుల్ల పొడవు నాలుగడుగుల పది అంగుళాలని తేలినది. ఇంత అగ్గిపుల్లను తమరు ఎక్కడ చేయించినారు, ఇంజన్ పక్కన ఏ ఉద్దేశంతో పెట్టినారు, దీన్ని గీయడానికి పెట్టె ఎక్కడ దాచినారు అనునవి సంఘం అడుగుచున్నది.

అగ్నిప్రమాద భయం దృష్ట్యా మూతను అత్యవసరంగా తెరవడమైనది. లోపల ఒక పాత గొడుగు, రెండు పావురం గుడ్లు, పావురం ఉన్నవి. ఇంజన్ లేదు. పోయిన నెల తమరు తీసిన ఫొటోలో ఉన్న ఇంజన్ ఈ నెల లేదు గనుక, దానిని తరలించినది తమరేనని సంఘం ఏకగ్రీవంగా భావించుచున్నది. ఏడు రోజుల్లో ఇంజన్ తెచ్చి అప్పగించవలెను.

ఇట్లు,
కార్యాలయ పర్యవేక్షకుడు

తా.క.: నాన్నా, నాకు మాత్రం నీ మీద నమ్మకం ఉంది. నాలుగొందల కిలోల ఇంజన్‌ను మోసే పిల్లాడివైతే మీ అమ్మ నీ చేత నీళ్ల బిందెలైనా మోయించి ఉండేది. ఆ బొమ్మ నిజంగా ఉంటే ఒక్కసారి పట్టుకురారా. అగ్గిపుల్ల సంగతి మాత్రం నాక్కూడా అంతు పట్టడం లేదు.

7

ఇంజన్ దొంగ రాయునది.

బుధవారం పదింటి బస్సుకు వస్తున్నాను. ఇంజన్‌ను చెప్పుల పెట్టెలో పెట్టి, దూది కప్పి, ఒళ్లో పెట్టుకుని తెస్తున్నాను. దించుకోవడానికి క్రేను వద్దు. పెట్టె పట్టుకుంటానని మాత్రం ఎవరూ ముందుకు రాకూడదు. ఒక్క తుమ్ముకు ఎడమవైపు సగం ఎగిరిపోతుంది. సంఘంలో జలుబు చేసినవారుంటే బయట కూర్చోబెట్టగలరు.

ఇట్లు,
లొంగిపోతున్న నేరస్థుడు

తా.క.: నాలుగడుగుల పది అంగుళాల అగ్గిపుల్ల జేబులో ఉంది. మిగతా నలభై తొమ్మిదీ పెట్టెలోనే ఉన్నాయి.

8

విషయం: ధ్రువపత్రం జారీ గురించి.

అయ్యా,

ఈ ప్రదర్శనశాలలోని సైనిక హెలికాప్టరు ఎడమవైపు ఇంజన్ గదికీ, తమరు చేసిన బొమ్మకూ మధ్య గొట్టంలో గాని, పట్టీలో గాని, బోల్టులో గాని, జిడ్డు గుడ్డపీలికలో గాని రవ్వంత తేడా లేదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. ముద్ర వేసినాము.

ఇట్లు,
కార్యాలయ పర్యవేక్షకుడు

తా.క.: చదివి కళ్లు తిరిగాయా? కాస్త కూర్చుని విను. ఆ బుధవారం నువ్వు మూత తీసి చూపించగానే, సంఘం పెద్దాయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసేశాడు చూశావూ? నువ్వు బస్సెక్కాక డైరెక్టరు గారు నన్ను పిలిచారు. మనకిచ్చే ముందే సైన్యంవాళ్లు ఇంజన్ ఊడదీసుకున్నారని పాత ఫైల్లో ఒక కాగితం దొరికింది. కానీ మన కరపత్రంలో పద్నాలుగేళ్లుగా "సంపూర్ణ ఇంజనుతో" అని అచ్చేస్తున్నాం. పై నెలలో తనిఖీ. "కుర్రాడు తీసిన ఫొటోలున్నాయిగా, వాటిని చూసి ఏదో ఒకటి పెట్టించండి, పేరుకు నమూనా అని చిన్న అట్ట తగిలించండి" అన్నారాయన. మన వడ్రంగి, రేకుల మేస్త్రీ కలిసి తొమ్మిది రోజుల్లో దించేశారు. నీ ఇయర్‌బడ్ పుల్లకు డ్రైనేజీ గొట్టం, గుండుసూది తలలకు తలుపు గుబ్బలు, టిష్యూ కాగితానికి నా పాత పంచె. టీ పిన్ని కాచింది, బకెట్టెడు. ముప్పై అయిదు రెట్లు అంటే మాటలా! పావురాన్ని గుడ్లతో సహా రికార్డు గదికి మార్చాం. అక్కడ అలికిడి ఉండదు.

కాబట్టి ధ్రువపత్రంలో ఒక్క అబద్ధం లేదు. నేను అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టను, అది నీకు తెలుసు.

9

బాబాయి గారికి, వడ్రంగి గారికి, రేకుల మేస్త్రీ గారికి, పిన్ని బకెట్టుకు, విజేతలందరికీ, ద్వితీయ బహుమతి గ్రహీత చేతులు జోడించి రాయునది.

విజేతలు అన్నది చెయ్యిజారి రాసిన మాట కాదు. చెబుతాను.

భూతద్దం మాస్టారు నా బొమ్మ ముందు గంటన్నర కూర్చున్నారు. ధ్రువపత్రం చదివారు. "ముద్ర మాట సరే, నేను కళ్లతో చూడాలి" అని మర్నాడే మీ ఆవరణకు వచ్చారు. మీరు తనిఖీ అధికారి అనుకుని కుర్చీ వేసి కొబ్బరినీళ్లు ఇచ్చిన మనిషి ఆయనే. ఎడమవైపు మూతలో తల దూర్చి, కాళ్లు మాత్రం బయట పెట్టుకుని అరగంట ఉన్నారట. తిరిగొచ్చి నన్ను పిలిచారు.

"అబ్బాయ్, నూనె గొట్టం ట్యాంకులో బయల్దేరి, ఇంజన్ చుట్టూ ప్రదక్షిణ చేసి, ఇంజన్‌ను ముట్టుకోకుండా మళ్లీ ట్యాంకులోకే పోతోంది. నీ దాంట్లోనూ అంతే, అక్కడా అంతే. ఏ సైన్యమూ అలా కట్టదు."

నా గుండె జారి చెప్పుల పెట్టెలో పడింది. మూత అతికించడానికి జిగురు సీసా కోసం చెయ్యి చాచాను కూడా.

"ఆగు," అన్నారు. "నీకు సాక్షి అది, దానికి సాక్షి నువ్వు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. ఆధారం చూపాలన్నాం గానీ ఆధారం ఎవరు చెయ్యాలో రాయలేదు. మూత తెరిచే ఉంచు." అంటూ భూతద్దం పక్కన పెట్టేశారు. మామూలు కళ్లతో, కాస్త వెనక్కి జరిగి, ఇంకోసారి చూశారు బాబాయ్. ఆయన భూతద్దం కిందపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఎనిమిది నెలలూ అక్కడికక్కడే చెల్లిపోయాయి.

తర్వాత ఆయన నిబంధనల పుస్తకం తీశారు. చేత్తో చేసినదై ఉండాలి: డ్రైనేజీ గొట్టం, తలుపు గుబ్బలు, సరిపోయింది. అసలును పోలి ఉండాలి: అసలులోనే ఉంది గనుక సరిపోయింది. సైజు ఇంతకు మించరాదని ఎక్కడా లేదు. పాల్గొనేవారి పేరు ఉండాలి: మూత లోపలివైపు సుద్దముక్కతో మీరూ వడ్రంగీ మేస్త్రీ సంతకాలు పెట్టుకున్నారట గదా! దాన్ని ప్రవేశపత్రంగా స్వీకరించారు. మొదటి బహుమతి మీకే. నాది రెండోది. కారణం ఆయన చేతిరాతలోనే ఉంది: "రెండూ ఒకటే పనితనం. రెండోది మరీ చిన్నగా ఉంది."

అమ్మ నవ్వి నవ్వి కింద కూర్చుంది. మీ మీద కోపం రావలసింది నాకు, ఎంత వెతికినా దొరకడం లేదు.

ఇట్లు,
మీ చేతిలో ఓడిపోయి, కాలరెగరేసుకు తిరుగుతున్న అన్నకొడుకు

తా.క.: బహుమతి ప్రదానం వచ్చే ఆదివారం, గ్రంథాలయం మేడ మీద గదిలో. విజేతలు తమ తమ బొమ్మలతో సహా వేదికెక్కాలని నిబంధన. భూతద్దం మాస్టారు నిబంధన దగ్గర వెంట్రుకంత సడలించరు, తెలుసుగా. మెట్ల వెడల్పు కొలిచాను బాబాయ్, రెండడుగుల ఎనిమిది అంగుళాలు. మీరు అటు నుంచి బయల్దేరండి, నేనిక్కడ కిటికీ ఊడదీయిస్తుంటాను.