సున్నా కాని గుణకం

సెప్టెంబర్ 26, సోమవారం

ఈ ఉదయం బత్తాయిల వాసన లేదు. తెలంగాణ కోసం సమ్మె — గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు లారీలు రాలేదు. కరెంటూ లేదు. కంప్యూటర్ మూగగా కూర్చుంది. నా థీసిస్‌లో అన్నిటికంటే చిన్న ఉదాహరణ తీసి పెన్సిల్‌తో మొదలుపెట్టాను. ఊరికే, పొద్దుపోక.

సాయంత్రం

నా రుజువంతా ఆనుకున్న చిన్న సిద్ధాంతం, నాలుగో లెమ్మా ప్రకారం ఒక గుణకం సున్నా కావాలి. కావడం లేదు.

సెప్టెంబర్ 27

మళ్ళీ చేశాను. మళ్ళీ... కాదు.

నాలుగేళ్ళుగా వక్రాలన్నిటికీ కలిపి ఒక పటం గీస్తున్నాను. పటంలో ఒక్కో చుక్క ఒక్కో వక్రం, దాని మీద గుర్తుపెట్టిన ఒక ప్రత్యేక బిందువుతో సహా. ఆ గుణకం సున్నా కాకపోతే నా పటంలో చోటు దొరకని వక్రాలున్నాయి. కంప్యూటర్ ప్రోగ్రామ్ ఎందుకు పట్టుకోలేదంటే — అది సున్నా అని దానికి చెప్పింది మేమే, నేనూ మా గైడ్ సరూ.

సెప్టెంబర్ 28

మా గైడ్ సర్ ఫోన్. "యూనివర్సిటీ ఎప్పుడు తెరుస్తారో ఏమో. ఎల్లుండి మా ఇంటికి వచ్చెయ్యమ్మా, థీసిస్ మీద సంతకం పెట్టేస్తాను. ఆ రోజుతో నా సర్వీసూ అయిపోతుంది."

"అలాగే సర్." అంతే అన్నాను.

నాన్న: "ఎల్బీనగర్ దాకా ఎలా వెళ్తావే? బస్సుల్లేవు. నే తోడొస్తా." వద్దన్నాను. "ఏంటలా నీళ్ళు నములుతున్నావ్?"

సెప్టెంబర్ 29

రేణుక వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో నా పక్క సీటు. ఇప్పుడు రోజంతా ధర్నాలోనే, గొంతు బొంగురు. కాగితం చూపించాను. చాలాసేపు చూసింది.

"గిది సున్నా కాదు గదనే!"

"తెలుసు."

"సార్‌కు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను.

"ఏందే నీ కాన్వెంట్ భయం! చెయ్యెత్తి పర్మిషన్ అడుగుతవా ఏంది? నేను రోడ్డు మీద గొంతు పోయేదాంక ఒర్రుతున్న. నీకు ఒక్క మాట ఒస్తలేదు."

"సంతకం అయ్యాక చెప్తే...?"

"అప్పుడు చెప్పుడెందుకు, ఇప్పుడు దాచుడెందుకు? తప్పు నీదే గద, ఒప్పుకో. సార్ ఏమన్న కొడ్తడా?"

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 30

నడిచాను. కొత్తపేటలో ఊరేగింపు. పక్కకు తప్పుకుని నిలబడ్డాను. వాళ్ళ నినాదాల కింద నాది ఒకటే వాక్యం — సర్, నాలుగో లెమ్మా తప్పు. సర్, నాలుగో...

ఇంట్లో సర్ పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నారు. ఆయన భార్య కాఫీ ఇచ్చారు. సర్ సంతకం పేజీ తెరిచారు. నా కాగితం తీసి ఆ పేజీ మీద పెట్టాను.

చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. నా పెన్సిల్ అడిగారు.

కాఫీ చల్లారిపోయింది — ఇద్దరిదీ.

"ఇంటికి వెళ్ళమ్మా. మీ నాన్నగారు ఎదురుచూస్తుంటారు." తల ఎత్తలేదు.

సంతకం లేని థీసిస్ నా సంచిలో ఉంది. కాగితం, పెన్సిల్ అక్కడే.

నాలుగో లెమ్మా నాది కాదు. సర్‌ది. ఆయన థీసిస్‌లోది.