నీ వేళ్ల తిమ్మిరి

మామా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కాలు ఒకచోట నిలవడం లేదు. మన కూతురు ధనమ్మకూ క్షయ వచ్చింది. మందు మొదలుపెట్టాక నీకు మాదిరే వేళ్లు తిమ్మిరెక్కి, మగ్గం మీద పోగు తగిలినా తెలియలేదు. ఆ తిమ్మిరికే కదా నువ్వు మందు మానేసి మాకు దక్కకుండా పోయావు! భయపడి దాన్ని తిరుత్తణి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

"కన్నోళ్లిద్దరి నుంచీ వచ్చిన జీను వల్ల, ఈ మందును విరిచే ఎంజైము ఈమె ఒంట్లో నిదానంగా పని చేస్తాదమ్మా. మందు పేరుకుని తిమ్మిరెక్కతాది. మందు ఆపొద్దు. దాంతోపాటు ఈ విటమిన్ మాత్ర వెయ్యి," అన్నాడాయన.

ఆ మాత్ర నీకెవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ధనమ్మ మళ్లీ పోగులు అతుకుతోంది. నేను మాటిమాటికీ పోయి, దాని వేళ్లు పట్టుకుని, "తెలస్తా ఉండాదా?" అని అడుగుతున్నాను.

"తెలస్తా ఉండాదమ్మా, చెయ్యి వదులు," అంది ఇందాక.